రెండు జగ్గుల సముద్రం

మా ఇంట్లో అన్నిటికన్నా పెద్ద గది హాలు. అందులో ఎవరూ కూర్చోరు.

మామగారు రైల్వే స్టేషన్లో అనౌన్సరుగా పనిచేసి రిటైరయ్యారు. రైలు ఆలస్యమైనప్పుడల్లా, అందులో ఆయన తప్పు ఆవగింజంత లేకపోయినా, జనానికి మైకులో క్షమాపణ చెప్పుకుంటూ ఉద్యోగం వెళ్ళదీసిన మనిషి. ఉద్యోగం అయిపోయింది గానీ ఆ గుణం పోలేదు. మా అమ్మ కుట్టుపని నేర్పే టీచరుగా చేసింది. మోకాలి ఆపరేషన్ తర్వాత మెట్లెక్కలేకపోతోందని, ఆమె అద్దె గది ఖాళీ చేయించి నేనే తీసుకొచ్చి మా ఇంట్లో పెట్టుకున్నాను. మాకు లిఫ్టుంది. అప్పట్నుంచి మా ఇంటి వరస ఇది. అమ్మ హాల్లోకి వస్తే, వియ్యపురాలికి మొహమాటంగా ఉంటుందేమోనని మామగారు పేపరు మడిచి బాల్కనీలోకి వెళ్ళిపోతారు. అయ్యో, అన్నయ్యగారిని ఎండలోకి తరిమేశానే అని అమ్మ తన గదిలోకి వెళ్ళిపోతుంది. అమ్మ వెళ్ళిపోయిన సంగతి ఆయనకు తెలియదు కాబట్టి ఆయన ఎండలోనే ఉంటారు. హాల్లో ఫ్యాను ఒక్కటీ తిరుగుతూ ఉంటుంది.

ఇద్దరూ మంచివాళ్ళు. అదే వచ్చిన తంటా. కొంచెం చెడ్డవాళ్ళయినా ఒకసారి గట్టిగా అరిచి దారిలో పెట్టేదాన్ని.

మా ఆయనతో చెప్పి చూశాను. ఆయన లిఫ్టు మెకానిక్కు. మధ్యలో ఇరుక్కుపోయినవాళ్ళని బయటికి తీయడమే ఆయన వృత్తి. ఇంట్లో ఇరుక్కుపోయినవాళ్ళ జోలికి మాత్రం వెళ్ళరు. "పెద్దవాళ్ళు, వాళ్ళే సర్దుకుంటారులే" అన్నారు.

వాళ్ళు సర్దుకోలేదు. అమ్మ కాస్త నడవగలిగిన దగ్గర్నుంచి వెళ్ళిపోతాననే పాట మొదలుపెట్టింది. ఆమె పాత శిష్యురాలు ఒకామె ఆడవాళ్ళ హాస్టల్లో వార్డెను. కింది అంతస్తులో గది ఇస్తాను, అమ్మాయిలకు కుట్టు నేర్పుతూ ఉండండి టీచర్ అని కబురు చేసింది.

"ఇక్కడ నీకేం తక్కువైంది?" అన్నాను.

"ఏమీ తక్కువ కాలేదు. పనే లేదు. ఊరికే కూర్చుని తింటూ అల్లుడి ఇంట్లో ఎన్నాళ్ళుంటానే?"

పని లేకపోవడం నిజమే. అమ్మ కూరగాయలు తరగబోతే, "మీకెందుకు చెల్లెమ్మగారూ శ్రమ" అని మామగారు కత్తి అందుకుంటారు. ఆయనకు తరగడం రాదు. ఆయన తరిగింది నేను మళ్ళీ తరుగుతాను. బట్టలు మడతపెట్టబోయినా అంతే, గుమ్మంలో చెప్పులు సర్దబోయినా అంతే. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటుంది. మామగారి ముందు అనదగ్గది కాదు కాబట్టి ఇక్కడా అనను.

నాకు అమ్మ వెళ్ళడం ఇష్టం లేదు. ఉద్యోగం నుంచి వచ్చి తలుపు తీయగానే లోపల్నుంచి ఆమె దగ్గు వినిపిస్తే నాకు ప్రాణం కుదుటపడుతుంది. ఈ మాట ఆమెతో చెప్పొచ్చు కదా అంటారేమో. మా ఇంట్లో ఇలాంటివి చెప్పుకునే అలవాటు లేదు.

సరిగ్గా అప్పుడే నేను పనిచేసే ల్యాబులో డాక్టరుగారు తన అక్వేరియం ఎవరైనా పట్టుకుపోతే చాలన్నారు. మామూలు చేపల తొట్టి కాదది, సముద్రపు నీళ్ళ తొట్టి. చిన్నదే. పేషెంట్లు కూర్చునే గదిలో పెట్టి, నాలుగు నెలలు చూసి, విసుగుపుట్టి ఎండగట్టారు. నాకు దాని మీద ఎప్పట్నుంచో కన్నుంది. అమ్మకి పని దొరుకుతుంది, నాకు సముద్రం దొరుకుతుంది, హాల్లో ఎవరో ఒకరు ఉన్నట్టుంటుంది అనుకుని తెచ్చుకున్నాను.

తెచ్చాక తెలిసింది, ఇల్లు అలకగానే పండగ కాదని. శుద్ధిచేసిన నీళ్ళు ఒక డ్రమ్ములో పట్టాలి. అందులో ప్రత్యేకమైన ఉప్పు తూచి కలపాలి. ఆ ఉప్పునీళ్ళు తొట్టిలో నింపి, ఇసుక పరిచి, గుల్లగుల్లగా ఉండే సముద్రపు రాళ్ళు పేర్చి, పంపు పెట్టి, వేడి సరిచూసి, దీపం వెలిగించాలి. ఇదంతా చేసి చేపల కోసం షాపుకు వెళితే, షాపతను అమ్మనన్నాడు.

"ఆగండి మేడమ్" అన్నాడు. "నీళ్ళు ఇంకా పండలేదు."

మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ ఆగమన్నాడు. రాళ్ళ మీద కంటికి కనిపించని క్రిములు పెరగాలట. చేపలు చేసే మురికిని అవి తింటాయట. అవి పెరగనిదే చేపల్ని వేస్తే చంపినట్టేనట. సరుకు అమ్మననే వ్యాపారిని నేను జీవితంలో అప్పుడే చూశాను. మా ఇంట్లో అతనికి ఆగండిగారు అని పేరు పెట్టుకున్నాం.

ఈలోపు పక్క ఫ్లాటావిడ చూడ్డానికి వచ్చింది. దీపం కింద నీళ్ళు, నీళ్ళలో రాళ్ళు. ఆవిడ చాలాసేపు వంగి చూసింది.

"చేపలేవీ?"

"ఇంకా రాలేదండీ."

"ఎక్కడికెళ్ళాయి?"

ఆ తర్వాత రాళ్ళకి గోధుమరంగు బూజు పట్టింది. ఆవిడ మళ్ళీ వచ్చి చూసి, అయ్యో పాపం అని వెళ్ళింది. ఆగండిగారికి ఫోన్ చేస్తే, "బూజు పట్టిందా, మంచిది, ఆగండి" అన్నాడు. నా చేత తిట్లు తినకుండా ఫోన్ పెట్టేసినవాళ్ళలో అతనొకడు.

చివరికి నీళ్ళు పండాయి. బూజు తినే నత్తలు వచ్చాయి. నారింజరంగు మీద తెల్ల చారలున్న చేప ఒకటి వచ్చింది. ఖాళీ గుల్లలో దూరి బతికే ఎండ్రకాయ ఒకటి వచ్చింది. "ఇదీ నాలాంటిదే, పరాయి కొంపలో కాపురం" అంది అమ్మ దాన్ని చూసి. నాకు ఒళ్ళు మండింది. ఆ తర్వాత పగడాలు వచ్చాయి. రాయికి అతుక్కుని, గుండ్రంగా, ఆకుపచ్చగా, అంచున చిన్న చిన్న వేళ్ళతో ఉంటాయి. దీపం వెలగగానే విచ్చుకుంటాయి. అమ్మ వాటికి బొత్తాలు అని పేరు పెట్టింది. కుట్టుపని టీచరు ఇంకేం పేరు పెడుతుంది?

ఒకరోజు మామగారు బాల్కనీలో ఉన్నప్పుడు, అమ్మని తొట్టి దగ్గర నిలబెట్టి పని అప్పగించాను.

"చూడమ్మా, రోజూ కొంత నీరు ఆవిరైపోతుంది. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు లోపలే ఉండిపోతుంది. అందుకని పైన పోయాల్సింది మంచినీళ్ళు. డ్రమ్ములో ఉప్పునీళ్ళు ముట్టుకోకు, అవి నేను వారానికోసారి నీళ్ళు మార్చేందుకు. రోజూ పొద్దున ఈ జగ్గుతో ఒక జగ్గు మంచినీళ్ళు. అద్దం మీద ఈ గీత దాకా."

"ఒకటేనా?"

"ఒకటే. ఒక్కరోజు కూడా మానకూడదు. మానితే బొత్తాలు చచ్చిపోతాయి."

అమ్మ జగ్గుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇంచీ తేడా వస్తే జాకెట్టు మొత్తం విప్పించి మళ్ళీ కుట్టించిన మనిషి. ఆమెకి కొలత చెబితే కొలతే. ఆ మొహంలో వెలుగు చూసి, ఇక ఈ మనిషి ఎక్కడికీ పోదు అనుకున్నాను.

ఆ తర్వాత తొట్టి పచ్చగా కళకళలాడింది. నీళ్ళలో ఉప్పు ఎంతుందో చూడ్డానికి చిన్న గొట్టం ఒకటుంటుంది. దాని అద్దం మీద చుక్క వేసి, వెలుతురు వైపు పెట్టి కంటితో చూడాలి. మా ల్యాబులో మూత్రం చిక్కదనం చూసే గొట్టమూ అలాంటిదే కాబట్టి నాకు కొత్తగా నేర్చుకునేదేమీ లేకపోయింది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. రోజూ సాయంత్రం ల్యాబు నుంచి రాగానే చూసేదాన్ని. ఎప్పుడు చూసినా ఉండాల్సిన చోటే ఉండేది, గీత మీద గీసినట్టు. బొత్తాలు రెట్టింపయ్యాయి. ఆగండిగారు ఫోటోలు చూసి మొదటిసారి ఆగమనకుండా, "ఏం చేస్తున్నారు మేడమ్?" అని అడిగాడు. నేను నవ్వి ఊరుకున్నాను. మనసులో మాత్రం, నాకు తెలిసిన శాస్త్రం అలాంటిది అనుకున్నాను. ల్యాబులో అందరికీ చెప్పుకున్నాను కూడా.

తొట్టి కళకళలాడుతున్నకొద్దీ అమ్మ మాటలు తగ్గాయి. అన్నం దగ్గర కూడా తలెత్తేది కాదు. ఒకరోజు చెప్పేసింది.

"హాస్టలుకి వెళ్తున్నానే. కొన్నాళ్ళుండి చూస్తాను. బాగుంటే అక్కడే."

"మరి తొట్టి?"

"దానికేం, నువ్వున్నావుగా" అంది. ఆ మాట ఒక రకంగా అంది. ఎందుకలా అందో నాకు అర్థం కాలేదు. కోపం వచ్చింది. కోపం వస్తే నేను మాట్లాడకుండా పనులు చేస్తాను. ఆమె బట్టలన్నీ నేనే ఇస్త్రీ చేసి సర్దిపెట్టాను. వెళ్ళొద్దు అనాల్సిన మనిషిని, దగ్గరుండి చీరలు మడతపెట్టి మరీ పంపించాను. మామగారు లిఫ్టు దాకా వచ్చి, "సుఖంగా వెళ్ళిరండి చెల్లెమ్మగారూ" అన్నారు. ఆ వాక్యం ఆయన నోటికి వచ్చినంత తేలిగ్గా ఇంకెవరికీ రాదు.

అమ్మ వెళ్ళాక నీళ్ళు పోసే పని నేనే సాయంత్రం చేద్దామనుకున్నాను. తీరా చూస్తే నీళ్ళు గీత దాకా నిండే ఉన్నాయి. మర్నాడూ అంతే. బయట ముసురు పట్టి ఉంది, గాలిలో తేమకి నీళ్ళు ఆవిరి కావడం లేదనుకున్నాను. ల్యాబులో పనిచేసేవాళ్ళకి ఇదొక జబ్బు. ఏం జరిగినా కారణం వెంటనే దొరుకుతుంది.

కానీ గొట్టంలో చూస్తే ఉప్పు పెరుగుతోంది. ముందు వెంట్రుకవాసి. తర్వాత ఇంకాస్త. బొత్తాలు సగమే విచ్చుకున్నాయి. ఆ తర్వాత పూర్తిగా ముడుచుకుపోయాయి. చేప పంపు వెనక్కి వెళ్ళి నిలబడింది. గొట్టం చెడిపోయిందేమోనని ల్యాబుకి పట్టుకెళ్ళి సరిచూశాను. గొట్టం బాగానే ఉంది. ఉప్పు కలపడంలో పప్పులో కాలేశానేమోనని డ్రమ్ము మూత తీశాను. అందులో ఉప్పు సరిగ్గానే ఉంది గానీ నీళ్ళే సగానికి పైగా తగ్గిపోయాయి. నేను తీయలేదు. మా ఆయన్ని అడిగితే, "నేను దాని వైపు కూడా చూడను" అన్నారు. ఆయన ఏ విషయంలోనైనా అబద్ధమాడతారేమో గానీ ఈ విషయంలో ఆడరు.

మర్నాడు నా డ్యూటీ మధ్యాహ్నానికి మారింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. వంటింట్లో కాఫీ కలుపుకుంటుంటే హాల్లో డ్రమ్ము మూత తీసిన చప్పుడైంది. తొంగి చూశాను. మామగారు డ్రమ్ములోంచి జగ్గు నిండా ఉప్పునీళ్ళు ముంచి, ఒక్క చుక్క కింద పడకుండా, తొట్టిలో పోస్తున్నారు. అభిషేకం చేస్తున్నంత శ్రద్ధగా పోస్తున్నారు.

"మామయ్యగారూ!"

ఆయన ఉలిక్కిపడ్డారు. ఉలిక్కిపడ్డా చుక్క పడలేదు.

"ఏం చేస్తున్నారు?"

"నీళ్ళు తగ్గాయి కదమ్మా. పోస్తున్నా."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ. రోజూ ఒక జగ్గు అని నువ్వు చెల్లెమ్మగారితో అన్నంతవరకు బాల్కనీలోకి వినపడింది. నువ్వు డ్యూటీకి వెళ్ళగానే పోసేవాణ్ణి. చెల్లెమ్మగారు స్నానం చేసి వచ్చి, ఆ మోకాలితో వంగి నీళ్ళు మోయాలి కదా. వియ్యపురాలి చేత మనింట్లో నీళ్ళు మోయిస్తామా? ఆవిడ రాకముందే పోసి, బాల్కనీలోకి వెళ్ళిపోయేవాణ్ణి. ఆవిడకి తెలిస్తే మొహమాటపడతారని చెప్పలేదు."

"ఉప్పునీళ్ళెందుకు పోశారు?"

"సముద్రం కదమ్మా" అన్నారు.

రోజూ ఒక జగ్గు ఉప్పునీళ్ళు అదనంగా పడితే ఆ తొట్టి ఎప్పుడో ఊరగాయ జాడీ అయిపోవాలి. మరి ఇన్నాళ్ళూ ఉప్పు ఎందుకు పెరగలేదు? అమ్మ వెళ్ళాకే ఎందుకు పెరిగింది? అక్కడే నిలబడి అమ్మకి ఫోన్ చేశాను.

"అమ్మా, నువ్వు రోజూ తొట్టిలో ఏం పోశావు?"

"నువ్వు చెప్పిందే. ఒక జగ్గు మంచినీళ్ళు."

"నిండి ఉండేది కదా. ఎలా పోశావు?"

"అవును, నిండే ఉండేది" అంది. "రోజూ. మొదటిరోజే నాకు అర్థమైందిలే. నేను చేస్తే పాడుచేస్తానని, నువ్వే పోసేసి డ్యూటీకి వెళ్తున్నావని. పని చెప్పినట్టూ ఉండాలి, ముసలిది ముట్టుకోకుండానూ ఉండాలి."

"నన్ను అడగొచ్చు కదా!"

"ఏమని అడగను? అల్లుడి ఇంట్లో కూర్చుని, నా జగ్గు ఎవరు పోశారని పంచాయితీ పెట్టనా? నువ్వు ఒక్కరోజూ మానకూడదన్నావు. మానితే చచ్చిపోతాయన్నావు. నిండుగా ఉన్నదాంట్లో పోస్తే పొర్లిపోతుంది. అందుకని ఒక జగ్గు బయటికి తీసి, ఒక జగ్గు మంచినీళ్ళు పోసేదాన్ని."

"తీసిన జగ్గు ఏం చేశావు?"

"పారబోస్తానా? నువ్వు కూర్చుని తూచి తూచి కలిపే ఉప్పాయె. నీ డ్రమ్ములోనే పోసేసేదాన్ని."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆయన డ్రమ్ములోంచి తీసి తొట్టిలో పోశారు. ఆమె తొట్టిలోంచి తీసి డ్రమ్ములో పోసింది. మిగిలింది ఒక జగ్గు మంచినీళ్ళు, నేను చెప్పిన కొలత. ఇన్నాళ్ళూ నా శాస్త్రం అనుకుని ఊరంతా చెప్పుకున్నది, ఒకరికొకరు మొహాలు చూపించుకోని ఇద్దరు ముసలివాళ్ళ మొహమాటం. అందులో ఒకరు వెళ్ళిపోతే ఉప్పు పెరిగింది. ఇంకోసారైతే పడీపడీ నవ్వేదాన్ని. అప్పుడు నవ్వు రాలేదు. మా అమ్మ ఇల్లు వదిలి వెళ్ళింది ఒక జగ్గు నీళ్ళ కోసం.

"నేను పోయలేదమ్మా" అన్నాను. "నేనొక్కరోజు కూడా ముట్టుకోలేదు. మామయ్యగారు పోశారు, నీ మోకాలు నొప్పెడుతుందని."

"బొత్తాలు ఎలా ఉన్నాయి?" అంది.

"ముడుచుకుపోయాయి."

"వస్తున్నా" అని పెట్టేసింది.

వచ్చింది. చెప్పులు విప్పుతూనే, "టాక్సీని కింద ఉండమన్నా. జగ్గులు ఎలా మార్చాలో నీకు చూపించి వెళ్ళిపోతా, అక్కడ అమ్మాయిలు క్లాసుకి కూర్చుని ఉంటారు" అంది. వెళ్ళొద్దమ్మా అనడానికి నోరు తెరిచాను. "కాఫీ తాగుతావా?" అని వచ్చింది.

మామగారు హాల్లోనే నిలబడి ఉన్నారు, బాల్కనీలోకి వెళ్ళలేదు. ఆయన గొంతు సవరించుకున్న తీరు చూస్తే ఎదురుగా మైకు ఉన్నట్టే ఉంది.

"చెల్లెమ్మగారూ, నా వల్ల మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాను" అన్నారు.

అమ్మ జగ్గు చేత్తో పట్టుకుని ఆయన వైపు తిరిగింది.

"అసౌకర్యమా అన్నయ్యగారూ? కన్నకూతురు నన్ను ఒక జగ్గు నీళ్ళకి కూడా నమ్మడం లేదనుకున్నాను. రోజూ అనుకున్నాను. ఈ తొట్టి ముందు నిలబడి ఏడ్చి, మొహం కడుక్కుని గదిలోకి పోయేదాన్ని. అటు బాల్కనీలో మీరు పేపరు చదువుకుంటున్నారు! నేను పోశానమ్మా అని ఒక్క మాట చెబితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా? మీ మర్యాద తగలెయ్య! మీ మర్యాద పుణ్యమా అని నేను ఇల్లొదిలి పోయాను!"

మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ఇంతవరకూ తగలెయ్య అనలేదు. మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయి, తలుపులు తెరుచుకోని లిఫ్టులో జనం చూసినట్టు పైకి చూస్తూ నిలబడ్డారు. ఇక ఈయన బాల్కనీలోకి, ఈవిడ టాక్సీలోకి, అంతే సంగతులు అనుకున్నాను.

మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కళ్ళు కూడా తుడుచుకున్నారు.

"మా ఆవిడ పోయాక నన్నెవరూ తిట్టలేదమ్మా" అన్నారు. "అందరూ మర్యాదగానే ఉంటారు."

అమ్మ జగ్గు కింద పెట్టింది.

"ఇంకా ఏమైనా ఉంటే అనెయ్యండి" అన్నారాయన.

"బోలెడున్నాయి" అంది అమ్మ. "ఒక్క పూటలో తెమిలేవి కావు."

నేను చెప్పులైనా వేసుకోకుండా, లిఫ్టు కోసం ఆగకుండా, టాక్సీని పంపించెయ్యడానికి మెట్లమీంచి పరిగెత్తాను.